నాలుగేళ్లు, 41 వేల కిలోమీటర్లు: లైట్లకన్నా రిలేకే నా మార్కులు

బైకుకి ఫాగ్ లైట్లు పెట్టించి నాలుగేళ్లు దాటింది. తిరిగింది ఎక్కువగా విశాఖలోనే, రోజూ బీచ్ రోడ్డు మీదుగా ఆఫీసుకి. చలికాలంలో రెండు మూడు సార్లు నర్సీపట్నం మీదుగా లంబసింగి. బండి చూసినవాళ్లంతా "లైట్లు ఏ కంపెనీవి?" అనే అడుగుతారు. వైరింగ్ ఎలా చేశారని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. మొదట్లో నేనూ అడగలేదు లెండి.

లైట్లు కొని ఒక షాపుకి తీసుకెళ్తే, "ఎల్ఈడీయే కదండీ, రిలే దండగ, డైరెక్టుగా ఇచ్చేద్దాం" అన్నాడు కుర్రాడు. రిలే అంటే కొద్దిపాటి కరెంటుతో ఎక్కువ కరెంటుని ఆన్, ఆఫ్ చేసే చిన్న డబ్బా. హెడ్‌లైట్ వైరు ఒలిచి, కొత్త వైరు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టాడు. ఇరవై నిమిషాల్లో పనైపోయింది. వెలుగు చూసి మురిసిపోయాను.

ఏడు నెలలు బాగానే నడిచింది. డిసెంబరులో, తెల్లవారుజామున నాలుగున్నరకి, లంబసింగి ఘాట్‌లో ఒక మలుపు దగ్గర హ్యాండిల్ తిప్పగానే ఫాగ్ లైట్లతోపాటు హెడ్‌లైట్ కూడా ఆరిపోయింది. పొగమంచులో ముందు చక్రం కూడా కనపడలేదు. ఫోన్ టార్చ్ వేసి చూస్తే, ఎండాకాలం వేడికి జిగురు కరిగి టేపు పక్కకి జారిపోయింది. బోడి జాయింట్ ఫ్రేముకి తగిలి షార్ట్ అయింది. ఫాగ్ లైట్లకి విడిగా ఫ్యూజు లేదు కాబట్టి హెడ్‌లైట్ ఫ్యూజు పోయింది. బాక్సులో స్పేర్ ఉండబట్టి బతికిపోయాం. ఆ వైరు పీకేసి కొండెక్కాం.

తిరిగొచ్చాక మొత్తం నేనే మళ్లీ చేశాను. రిలే, ఫ్యూజు హోల్డరు ఉన్న హార్నెస్ (రెడీమేడ్ వైర్ల సెట్టు) అప్పట్లో 650 రూపాయలు పడింది. రిలే అడుగున నాలుగు కాళ్లుంటాయి, పక్కనే 30, 85, 86, 87 అని అంకెలు. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా 30కి, 87 నుంచి లైట్లకి 1.5 స్క్వేర్ ఎం.ఎం. వైరు వేశాను. 85 ఎర్త్‌కి, అంటే బ్యాటరీ మైనస్‌కి. 86కి మాత్రం పార్కింగ్ లైటు నుంచి స్విచ్ మీదుగా సన్న వైరు చాలు, ఎందుకంటే స్విచ్‌లో పారేది రిలేని కదిలించేంత కరెంటే. బండి తాళంచెవి ఆఫ్ చేస్తే లైట్లు వాటంతటవే ఆరిపోతాయి. రెండూ కలిపి 80 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర ఏడు ఆంపియర్లకి కాస్త తక్కువ, కాబట్టి 10 ఆంపియర్ల ఫ్యూజు. అది బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. లైట్ల దగ్గర పెడితే మధ్యలో వైరు ఒరుసుకుపోయి షార్ట్ అయినా దానికి తెలియదు.

ఆ రిలే ఇప్పటికీ అదే. లైట్లలో ఒకదానికి లోపల చెమ్మ పట్టింది, ఒక క్లాంపు విరిగింది. పసుపు వెలుగు లంబసింగి మంచులో కళ్లకి హాయిగా ఉంటుంది గానీ, హైవే మీద కిందికి వంచకపోతే ఎదురొచ్చే లారీవాళ్లు డిప్పర్ కొట్టి మరీ తిడతారు. వాళ్ల తప్పేం లేదు.

మా ఊళ్లో అసలు శత్రువు ఉప్పుగాలి. ట్రిగ్గర్ వైరుకి, అంటే 86కి వెళ్లే ఆ సన్న వైరుకి, మొదట నొక్కితే పట్టుకునే నీలం క్లిప్పు వాడాను. ఏడాదికే లైట్లు ఒకసారి వెలిగి ఒకసారి వెలగవు. విప్పితే రాగి తీగలంతా ఆకుపచ్చగా చిలుం. ఇప్పుడన్నీ క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి గట్టిగా నొక్కి), లోపల జిగురుండే, వేడి చేస్తే ముడుచుకునే హీట్ ష్రింక్ స్లీవ్ వేసినవే. బ్యాటరీకి బిగించే వైరు కొసలకి (థింబుల్స్) కొంచెం వాజిలైన్ రాస్తాను.

యూఎస్‌బీ చార్జర్ సంగతి వేరు. బ్యాటరీకి నేరుగా ఇచ్చి 25 రోజులు ఊరెళ్లొస్తే సెల్ఫ్ తిరగలేదు. మల్టీమీటర్‌తో చూస్తే, ఫోన్ పెట్టకపోయినా చార్జర్ 12 మిల్లీఆంపియర్లు లాగుతోంది. చూడ్డానికి ఏమీ కాదు, కానీ 25 రోజులకి 7.2 ఆంపియర్-అవర్లు. నా బ్యాటరీయే 8! దాన్నీ తాళంతో ఆగే లైనుకి మార్చాక మళ్లీ ఇబ్బంది రాలేదు. వాటర్‌ప్రూఫ్ అన్న రబ్బరు మూత మాత్రం రెండో వానాకాలానికే ఊడిపోయింది. వాన పట్టగానే ప్లాస్టిక్ కవరు తొడుగుతున్నాను.

హారన్ కూడా మార్చాను, దానికీ రిలేనే. హ్యాండిల్ మీద స్విచ్ ఒక్కటే ఇంకా విసిగిస్తోంది. వానలో తడిస్తే రెండుసార్లు నొక్కాలి. మంచిది దొరికేవరకు దీంతోనే నెట్టుకొస్తున్నాను.