మోకాలి ఆపరేషన్: ఇప్పుడే చేయించేద్దామా, రెండు నెలలు ఆగుదామా?

అమలాపురంలో మా పెద్దమ్మది ఒకటే గొడవ, సంక్రాంతికి అల్లుళ్ళొచ్చేలోపు మోకాలి చిప్ప మార్పించేసుకోవాలని. వెంటనే చేయిస్తే నొప్పి తొందరగా వదులుతుంది, రోజూ మింగే నొప్పి బిళ్ళలతో కిడ్నీలు పాడయ్యే భయమూ తగ్గుతుంది, నిజమే. కానీ ఆవిడ మూడు నెలల సగటు షుగర్ (HbA1c పరీక్ష) 9 శాతం దాటింది. చాలామంది సర్జన్లు అది 7.5కో 8కో దిగాకే కత్తి పడతారు, ఎందుకంటే షుగర్ ఎక్కువుంటే గాయం తొందరగా మానదు, పెట్టిన కీలుకి చీము పడితే మళ్ళీ తెరవాల్సి రావచ్చు, ఆ బాధ ముందు ఈ నొప్పి ఎంత!

ఆగడమంటే మంచమెక్కి కూర్చోవడం కాదు. షుగర్‌తో పాటు హిమోగ్లోబిన్ చూపించుకోవాలి, ఆడవాళ్ళకి 12 లోపుంటే రక్తహీనతే, మాత్రలతో పెరగడానికి వారాలు పడుతుంది. పుచ్చిన పన్నుంటే, ఆ చీము కీలుకి పాకకుండా ముందే వైద్యం చేయించుకోవాలి. మా పెదనాన్నలా లంక పొగాకు చుట్ట వదలనివాళ్ళు కనీసం నాలుగు వారాల ముందే మానాలి (ఆయన్ని ఒప్పించడం వేరే కథ). కాలు చాపి మోకాలిని పరుపుకేసి నొక్కి పట్టే వ్యాయామం రోజూ చేస్తే తొడ కండ బలపడి, తర్వాత లేచి నడవడం తేలిక. ఇంట్లో వెస్టర్న్ కమోడ్ కూడా ఈలోపే పెట్టించేయొచ్చు.

తుంటి ఎముక విరిగితే మాత్రం ఈ లెక్కలేవీ పనికిరావు, ఒకటి రెండు రోజుల్లోనే చేయించాలి. మోకాలి అరుగుదలకైతే నా ఓటు ఆగడానికే. పెద్దమ్మ మాత్రం ఇంకా నాతో మాట్లాడట్లేదు.