కేసీ కాలువలో శవం: పంచనామా దాకా పక్కా, రికవరీ దగ్గర బోల్తా

కర్నూలులో రిటైరైన సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఒకాయన సొంత ఖర్చుతో వేయించుకున్న క్రైమ్ నవల ఇది. పేరు రాయడం లేదు. హంతకుడెవరో ఆ పేరులోనే తెలిసిపోతుంది, మొదటి తప్పు అదే. డెమీ సైజు, 240 పేజీలు.

మొదటి అరవై పేజీల కోసమైనా కొనుక్కోవచ్చు. కేసీ (కర్నూలు-కడప) కాలువ తూముకు శవం అడ్డంపడి ఉంటుంది. వీఆర్వో, ఇద్దరు పెద్దమనుషులు వచ్చేదాకా సీఐ దాన్ని కదపనివ్వడు. అరచేతుల చర్మం నాని ముడతలు పడింది కదా అని హెడ్ కానిస్టేబుల్ 'నీళ్ళలో మునిగి మృతి' అని రాయబోతే పెన్ను ఆపిస్తాడు. చచ్చాక పడేసినా చర్మం అట్లే నానుతుంది. బతికుండగా మునిగాడా లేదా అన్నది తేల్చడానికి డయాటమ్ పరీక్ష ఉంది. దానికి ఎముక మజ్జ ఒక్కటే పంపితే చాలదు, శవం దొరికిన చోటి నీళ్ళు కూడా శుభ్రమైన సీసాలో పట్టి సీలు వేసి పంపాలి. రెండింట్లో ఉన్న సూక్ష్మ నాచు ఒకే రకమో కాదో పోల్చి చూస్తారు. ఇక్కడ హోంగార్డు నీళ్ళు పట్టడం మర్చిపోతాడు. మర్నాడు సీసా తీసుకుని పోయేసరికి పైన నీళ్ళు కట్టేసి ఉంటారు, కాలువలో బురద తప్ప ఏమీ ఉండదు. కేసు ఎక్కడ చెడుతుందో తెలిసిన చెయ్యి రాసిన సన్నివేశం ఇది.

అదే చెయ్యి పోస్టుమార్టం దగ్గర జారింది. విసెరాను, అంటే విష పరీక్షకు తీసిన లోపలి అవయవాలను, ఫార్మలిన్‌లో పెట్టించాడు. ఫార్మలిన్‌కు కండ గట్టిపడిపోతుంది, విషం బయటికి తీయడం కష్టం. మామూలుగా వాడేది ఉప్పు ఇక కరగనంతగా కలిపిన నీళ్ళు. సీసాలో మూడో వంతు ఖాళీ ఉంచాలి, లేకపోతే గ్యాసు పుట్టి మూత ఎగిరిపోతుంది.

కథ జరిగేది 2024 ఆగస్టులో. ఎఫ్ఐఆర్‌లో మాత్రం పాత ఐపీసీ హత్య సెక్షన్ 302. ఆ ఏడాది జూలై 1 నుంచి హత్యకు ఐపీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్‌లో 103, శవ పంచనామాకు పాత సీఆర్పీసీ 174 బదులు బీఎన్ఎస్ఎస్ 194. సర్వీసంతా నోట్లో నానిన నంబర్లు పోవడం కష్టమే గానీ, ప్రూఫు దిద్దినవాళ్ళయినా చూడాల్సింది.

అసలు దెబ్బ 188వ పేజీలో. ముద్దాయి స్టేషన్‌లో నేరం ఒప్పుకుంటాడు. సీఐ రాత్రికి రాత్రే పోయి కొడవలి తెస్తాడు, తెల్లారాక మధ్యవర్తులను (పంచనామా సాక్షులను) పిలిచి సంతకాలు పెట్టిస్తాడు. వరుస తలకిందులైంది. పోలీసు ముందు ఒప్పుకోలు కోర్టులో చెల్లదు, దానివల్ల వస్తువు బయటపడితే ఆ మేరకే పనికొస్తుంది. పాత సాక్ష్య చట్టం 25, 27 సెక్షన్లు రెండూ ఇప్పుడు కొత్త సాక్ష్య అధినియం 23లో ఉన్నాయి. ముందు మధ్యవర్తుల ఎదుట వాంగ్మూలం రాయాలి, ఆ తర్వాత ముద్దాయే దారి చూపాలి. స్వాధీనం చేసుకునేటప్పుడు బీఎన్ఎస్ఎస్ 105 ప్రకారం వీడియో తీయాలి. "ఆ పొద్దు మీరు స్టేషన్‌కు ఎన్ని గంటలకు పోయినారు?" అని డిఫెన్సు లాయరు అడిగే మొదటి ప్రశ్నకే మధ్యవర్తి తడబడతాడు. నవలలో ఆ ప్రశ్న ఎవరూ అడగరు, యావజ్జీవం పడిపోతుంది. రచయితకు ఇది తెలియదని ఎవరూ అనుకోరు. బయట జరిగేదే అలవాటుగా కాగితం మీదికి వచ్చిందేమో!

సుమోలు, బాంబులు లేకపోవడం పెద్ద ఊరట. గొడవ అంతా ఒక సర్వే నంబరు సబ్‌డివిజన్ మీద, గట్టు పక్కన వేసిన బోరు మీద. "యాడికి పోయినాడో మాకేం ఎరుక సార్, రేత్రి గడ్డికని పోయినోడు రాల్యా" అనే ముసలామె వాంగ్మూలం చెవిలో ఉండిపోతుంది. సీఐ భార్య మాత్రం రేడియో వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది.

అచ్చు సంగతి: పాత డీటీపీ అను ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చినప్పుడు ఒత్తులు చెదిరాయి, 'పంచాయతీదార్లు' మూడు చోట్ల మూడు రకాలుగా పడింది. కుట్టు లేని జిగురు బైండింగు. పూర్తిగా విప్పి చదివితే 160 దాటాక పేజీలు చేతికొస్తాయి. 188వ పేజీ ఊడిపోకుండా పట్టుకుని చదవండి.