వీసా ఇంటర్వ్యూ తేదీ ముందుకు తెప్పిస్తామనే ఏజెంట్లతో జాగ్రత్త: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి హెచ్చరిక

అమెరికా విజిటర్ వీసా ఇంటర్వ్యూకు త్వరగా తేదీ ఇప్పిస్తామని చెప్పి డబ్బు తీసుకుంటున్నవారి గురించి మన జిల్లాల వారికి, ముఖ్యంగా అక్కడున్న పిల్లల దగ్గరికి వెళ్లాలనుకుంటున్న తల్లిదండ్రులకు ఈ హెచ్చరిక రాస్తున్నాను. శ్రీకాకుళంలో ఉండే మా అక్కా బావగారికి ఈ మధ్య ఇలాంటి మోసమే జరిగింది. ఇందులో పోయిన డబ్బు కన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది కనుక దాని గురించే ఎక్కువగా చెబుతాను.

వాళ్లమ్మాయి డల్లాస్‌లో ఉంటోంది. పురుడు సమయానికి తల్లి దగ్గరుండాలని ఇద్దరూ దరఖాస్తు చేసుకుంటే హైదరాబాద్‌లో తేదీలు చాలా దూరంగా కనిపించాయి. తెలిసినవాళ్లు చెప్పారని ఒక ఏజెంటును కలిశారు. మనిషికి 15 వేలని, సగం ముందివ్వాలని, మిగతా సగం తేదీ వచ్చాక ఇస్తే చాలని ఆయన చెప్పాడు. డబ్బుతో పాటు, ఇంటర్వ్యూ తేదీ తీసుకునే అధికారిక వెబ్‌సైటులోని వీసా ఖాతా పాస్‌వర్డు, భద్రతా ప్రశ్నలకు జవాబులు, పాస్‌పోర్టు నకళ్లు కూడా తీసుకున్నాడు. తీసుకోగానే చేసిన మొదటి పని ఖాతాలోని ఈమెయిల్ చిరునామా మార్చడం. ఆ తరువాత కాన్సులేట్ నుంచి వచ్చిన సమాచారమేదీ బావగారి కంట పడలేదు.

కొన్నాళ్లకు ఒక తేదీ తీసుకున్నానని, మరికొన్నాళ్లకు దాన్ని కాస్త ముందుకు జరిపానని ఫోన్‌కు ఫొటోలు పంపాడు. ఆ రెండో తేదీ కూడా పురుడు దాటిన తరువాతే వస్తోంది. ఇంకా ముందుకు కావాలంటే మిగతా డబ్బు వెంటనే పంపాలని, తాను ఎంత కష్టపడుతున్నాడో చూడమని ఒక కాగితం పంపాడు. అది అత్యవసర అపాయింట్‌మెంటు కోసం బావగారి పేరు మీద పెట్టిన విన్నపం. దానికి అమెరికా ఆసుపత్రి ఒకటి ఇచ్చినట్టుగా ఒక లేఖ జోడించి ఉంది. బావగారి తమ్ముడు ఐసీయూలో ఉన్నాడని, రక్తసంబంధీకులు వెంటనే రావాలని అందులో రాసి ఉంది. బావగారికి తమ్ముడే లేడు. ఆ లేఖలో ఇంటిపేరు కూడా ఒక అక్షరం తప్పుగా ఉంది.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. అత్యవసర కారణం అబద్ధమని ఇంటర్వ్యూలో తేలితే ఆ సంగతి దరఖాస్తుదారు రికార్డులో నమోదవుతుందని, వీసా నిర్ణయం మీద దాని ప్రభావం పడవచ్చని నిబంధనల్లోనే ఉంది. వీసా కోసం తెలిసి ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పారని తేలితే అమెరికా వలస చట్టం ప్రకారం జీవితాంతం అనర్హత పడే అవకాశం ఉంది. ఏజెంటు ఫోన్ నంబరు మార్చుకుని వెళ్లిపోతాడు, కానీ ఆ కాగితం మీద ఉండేది మన పేరు, మన పాస్‌పోర్టు నంబరు. కూతురి పురుటికి బయలుదేరిన మనిషి, తాను రాయని అబద్ధానికి ఆఫీసరు ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవలసి రావడం ఎంత అన్యాయం!

పైగా పురుటికి సాయం వెళ్లడం అత్యవసర కారణాల కిందికి రాదు. పెళ్లిళ్లు, పట్టా ప్రదానోత్సవాలు, గర్భవతులైన బంధువులకు తోడుగా వెళ్లడం ఆ జాబితాలో లేవని కాన్సులేట్ స్పష్టంగా చెబుతుంది. కుటుంబంలో మరణం, తీవ్ర అనారోగ్యం వంటివి వస్తాయి, వాటికి కూడా ముందు ఫీజు కట్టి మామూలు తేదీ తీసుకున్నాకే, అధికారిక వెబ్‌సైటులో ఉచితంగా అడగాలి. కాబట్టి పురుడు పేరు చెప్పి అత్యవసర తేదీ తెస్తానన్నవాడు ఏదో ఒక అబద్ధం రాయబోతున్నాడనే అనుకోవాలి.

రెండో నష్టం తేదీ మార్పుకు సంబంధించినది. 2025 జనవరి 1 నుంచి మన దేశంలో అపాయింట్‌మెంటును అదనపు ఫీజు లేకుండా ఒక్కసారే మార్చుకోవచ్చు. రెండోసారి మార్చాలన్నా, ఇంటర్వ్యూకు వెళ్లలేకపోయినా, మనిషికి 185 డాలర్ల ఫీజు మళ్లీ కట్టాలి. ఆ ఒక్క అవకాశాన్నీ ఏజెంటు వీళ్లకు పనికిరాని తేదీ కోసం వాడేశాడు. పాస్‌పోర్టు, ఫీజు రసీదు చూపించి, ఎన్నో మెయిళ్లు రాశాక ఖాతా చేతికొచ్చింది గానీ అప్పటికి ఇంటర్వ్యూ తేదీ దాటిపోయింది. ఇద్దరికీ ఫీజు మళ్లీ కట్టారు. మనవరాలు పుట్టింది, వీళ్లింకా ఇక్కడే ఉన్నారు.

ఏజెంట్ల కోసం వేరే కోటా ఏదీ లేదు. ఎవరో రద్దు చేసుకున్న తేదీలు, కాన్సులేట్ కొత్తగా విడుదల చేసిన తేదీలు మన ఖాతాలో ఎలా కనిపిస్తాయో వాళ్లకూ అలాగే కనిపిస్తాయి. కొందరు వాటిని కంప్యూటర్ ప్రోగ్రాములతో పట్టేస్తారు. అలా తీసుకున్న దాదాపు 2000 అపాయింట్‌మెంట్లను రద్దు చేస్తున్నట్టు, వాటితో సంబంధమున్న ఖాతాలకు బుకింగ్ సదుపాయం నిలిపివేస్తున్నట్టు 2025 మార్చిలో అమెరికా రాయబార కార్యాలయం ప్రకటించింది. అంటే ఏజెంటు నిజంగానే తేదీ తెచ్చినా అది నిలుస్తుందన్న నమ్మకం లేదు. బ్యాంకాక్‌లోనో దుబాయ్‌లోనో త్వరగా అవుతుందని చెప్పేవాళ్లనూ నమ్మకండి. సొంత దేశంలో గానీ, నివాసముంటున్న దేశంలో గానీ ఇంటర్వ్యూకు వెళ్లాలని 2025 సెప్టెంబరులో అమెరికా విదేశాంగ శాఖ ఆదేశించింది.

మన దేశంలో మాత్రం హైదరాబాద్ ఒక్కటే కాదు, చెన్నై, కోల్‌కతా, ముంబై, ఢిల్లీల్లో ఎక్కడైనా తేదీ తీసుకోవచ్చు. మనవాళ్లు విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్లడానికే అలవాటు పడ్డారు గానీ, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం స్టేషన్లు రెండూ హౌరా–చెన్నై మార్గంలోనే ఉన్నాయి కాబట్టి కోల్‌కతా గానీ, చెన్నై గానీ మనకు కష్టమైన ప్రయాణం కాదు. వేలిముద్రలు ఇవ్వడానికి వేరే తేదీ తీసుకోవాలి, అది ఇంటర్వ్యూ కన్నా ముందు ఉండేలా చూసుకోవాలి. ముందు దొరికిన తేదీ తీసుకుని, ఓపికగా చూస్తూ, నిజంగా పనికొచ్చేది కనిపించినప్పుడే ఆ ఒక్క మార్పునూ వాడుకోండి.

డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు ఫారం నింపడం రాకపోతే నెట్ సెంటరులో డబ్బిచ్చి నింపించుకోవడంలో తప్పు లేదు. ఎవరైనా సాయం చేశారా అని ఆ ఫారమే అడుగుతుంది, వారి వివరాలు అందులో ఇవ్వాలి. చివర సంతకానికి బదులుగా నొక్కే బటన్ మాత్రం మీరే నొక్కాలి. ఖాతాలో ఉండే ఈమెయిలు, ఫోన్ నంబరు మీవో మీ పిల్లలవో అయి ఉండాలి.

ఇప్పటికే పాస్‌వర్డు ఎవరికైనా ఇచ్చి ఉంటే ఈ రోజే ఖాతా తెరిచి పాస్‌వర్డు, భద్రతా ప్రశ్నలు మార్చండి, ఈమెయిల్ మీదేనో కాదో చూడండి. మీ పేరుతో అత్యవసర విన్నపం ఏదైనా వెళ్లిందేమో, ఏ కాగితాలు జోడించారో వెతకండి. అలాంటిది కనిపిస్తే దాచకుండా ఖాతాలోని సహాయ విభాగానికి మీరే రాసి, ఆ నకలు ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి. డబ్బు పోయినవారు సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయాలి. యూపీఐ లావాదేవీ నంబరు, ఏజెంటు పంపిన వాట్సాప్ సందేశాలు చెరిపేయకండి, ఫిర్యాదు తీసుకునేటప్పుడు అవే అడుగుతారు.