పాత కంప్యూటర్ మొరాయిస్తే ముందు ర్యామ్‌ను చూడాలా, హార్డ్ డిస్క్‌నా?

పాలకొల్లు దగ్గరి ఒక ఊళ్లో మా మావయ్య రైస్ మిల్లు నడుపుతున్నారు. మిల్లు గదిలో పన్నెండేళ్ల నాటి కంప్యూటర్ ఒకటుంది. ఏ రైతు ఎన్ని బస్తాలు తోలాడు, తేమకు ఎంత తగ్గించారు, ఎవరికి ఎంత బాకీ, ఏ లారీలో ఎంత బియ్యం వెళ్లింది, అన్నీ అందులోనే ఉంటాయి. మొన్న దాళ్వా (రెండో పంట) ధాన్యం ముమ్మరంగా వస్తున్న వారంలో అది మొరాయించింది. పని మధ్యలో నీలం తెర వచ్చి ఆగిపోయేది. ఒక్కోసారి దానంతటదే ఆరిపోయి మళ్లీ మొదలయ్యేది. ఒక లెక్కల ఫైలు ఎంతసేపు చూసినా తెరుచుకునేది కాదు. చూసిన మెకానిక్ ఒకరు ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు సమాచారాన్ని పట్టుకునే తాత్కాలిక జ్ఞాపకం) పోయిందన్నారు, మరొకరు హార్డ్ డిస్క్ (ఫైళ్లు శాశ్వతంగా ఉండే చోటు) పోయిందన్నారు. ఇద్దరూ చెప్పిన మందు మాత్రం ఒకటే: ఫార్మాట్ చేసి, అంటే డిస్క్‌ను తుడిచేసి, విండోస్ మళ్లీ వేయాలి. మావయ్య సరేనని చెప్పబోతూ ఎందుకో ఆగి నాకు ఫోన్ చేశారు.

"వద్దు మావయ్యా, ముందు స్విచ్ ఆపేయండి. సాయంత్రానికి నేను వస్తాను" అన్నాను.

జబ్బు ఏదో తేలకుండా ఫార్మాట్ చేస్తే రెండు విధాలా నష్టమే. ర్యామ్ చెడి ఉంటే కొత్తగా వేసే విండోస్ కూడా తప్పులతోనే డిస్క్ మీదికి ఎక్కుతుంది. డిస్క్ చెడి ఉంటే కొత్త విండోస్ వెళ్లి సరిగ్గా పాత లెక్కల మీదే కూర్చుంటుంది. అందుకే ర్యామా, డిస్కా అన్నది ముందే తేల్చుకోవాలి. అందులోనూ దేన్ని ముందు పరీక్షించాలన్నది ఇంకా ముఖ్యం.

లక్షణాలను బట్టి ఈ రెండింటినీ చాలావరకు వేరు చేయవచ్చు. నేను పట్టుకునే గుర్తు ఒకటే: ర్యామ్ తప్పు ఊరంతా తిరుగుతుంది, డిస్క్ తప్పు ఒకేచోట కూర్చుంటుంది. నిజానికి ర్యామ్‌లో చెడిన గడి కూడా కదలదు. కానీ కంప్యూటర్ వేసిన ప్రతిసారీ ఆ గడిలోకి వేరే సరుకు వచ్చి చేరుతుంది. ఈ రోజు అందులో బ్రౌజర్ ముక్క ఉంటే రేపు విండోస్ ముక్క ఉంటుంది. అందుకే నీలం తెర మీద కనిపించే కారణం ఒక్కోసారి ఒక్కో రకంగా ఉంటుంది. విండోస్ వేస్తుంటే ఒకసారి 30 శాతం దగ్గర, మరోసారి 70 శాతం దగ్గర ఆగుతుంది. నిన్న తెరుచుకున్న జిప్ ఫైలు ఈ రోజు పాడైందని చెప్పి, రేపు మళ్లీ తెరుచుకుంటుంది. డిస్క్ సంగతి అలా కాదు. చెడిన సెక్టార్‌లో (డిస్క్ మీది చిన్న గడిలో) ఏ ఫైలు ఉందో అదే ఫైలు ప్రతిసారీ ఇబ్బంది పెడుతుంది. దాన్ని ముట్టుకోగానే కంప్యూటర్ మొత్తం కొయ్యబారిపోతుంది, డిస్క్ దీపం ఆగకుండా వెలుగుతూనే ఉంటుంది. విండోస్ తన తప్పులు రాసుకునే చిట్టా ఈవెంట్ వ్యూయర్‌లో డిస్క్ పేరుతో 7వ నంబరు నమోదు కనిపిస్తే, చెడిన బ్లాక్ తగిలిందని విండోస్ తానే రాసి పెట్టిందన్నమాట. ఇక టిక్, టిక్ మని లోపల కొట్టుకుంటున్న శబ్దం వస్తే పరీక్షలతో పనే లేదు. ఆ క్షణమే కరెంటు తీసేయాలి.

మావయ్య కంప్యూటర్‌లో రెండు రకాల గుర్తులూ ఉన్నాయి. నీలం తెర కారణాలు మారుతున్నాయి, అది ర్యామ్ పోకడ. ఒకే ఫైలు మొరాయిస్తోంది, అది డిస్క్ పోకడ. ఇలాంటప్పుడు ఏది ముందు?

"డిస్క్‌లో లెక్కలున్నాయి కదా, ముందు దాన్నే పరీక్షించు" అన్నారు మావయ్య. న్యాయమైన మాటే. కానీ చెడిన ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో డిస్క్‌ను పరీక్షించడం, సరిచేయడం, చివరికి కాపీ చేయడం కూడా ప్రమాదమే. డిస్క్ నుంచి చదివిన ప్రతి అక్షరమూ ర్యామ్ గుండానే వెళ్తుంది. మంచిగా ఉన్న లెక్క కూడా దారిలో తప్పుగా మారి కాపీలోకి చేరవచ్చు, చేరినట్టు ఎవరికీ తెలియదు. సర్వర్లలో అలాంటి తప్పును పట్టుకుని సరిదిద్దే ప్రత్యేకమైన ర్యామ్ వాడతారు. మన ఇళ్లలో, దుకాణాల్లో ఉండే మామూలు కంప్యూటర్లలో అది ఉండదు. అలాగని డిస్క్‌ను అలాగే ఉంచి ముందు ర్యామ్‌ను పరీక్షించబోతే, కంప్యూటర్ వేసిన ప్రతిసారీ బలహీనమైన డిస్క్ తిరుగుతూ అరుగుతుంది.

దీనికి నా జవాబు: ముందు డిస్క్‌ను పరీక్షించకూడదు, విప్పి బయటికి తీయాలి. నాలుగు స్క్రూలు, రెండు తీగలు, అంతే పని. తీసిన డిస్క్‌ను ఒక గుడ్డ మీద పదిలంగా పెట్టి, డిస్క్ లేని కంప్యూటర్‌లో ర్యామ్‌ను తీరిగ్గా పరీక్షించవచ్చు. డిస్క్ కాపీని ఆరోగ్యంగా ఉన్న మరో కంప్యూటర్‌లో చేసుకోవచ్చు. ఒకదాని జబ్బు మరొకదానికి అంటదు.

ర్యామ్ పరీక్షకు విండోస్‌లోనే ఒక సాధనం ఉంది. విండోస్ గుర్తున్న మీట, ఆర్ కలిపి నొక్కి ఎండీషెడ్ (mdsched) అని టైప్ చేస్తే కంప్యూటర్ ఆగి, మళ్లీ మొదలవుతూ పరీక్షిస్తుంది. విడిగా దేన్నీ దించుకోనక్కర లేదు, అదే దాని మేలు. కానీ దాన్ని మామూలుగా నడపాలంటే అనుమానం ఉన్న ఆ డిస్క్ మీది విండోస్‌నే లేపాలి. పైగా మామూలు అమరికలో అది రెండు చుట్లతో ముగిస్తుంది, అప్పుడప్పుడు తొంగిచూసే తప్పులు దాని కంటపడకపోవచ్చు. మెమ్‌టెస్ట్86 ప్లస్ ఉచితం. పెన్ డ్రైవ్ మీద వేసి దాని నుంచే కంప్యూటర్‌ను లేపవచ్చు, డిస్క్ లేకపోయినా నడుస్తుంది. ఆపేవరకు చుట్టు మీద చుట్టు తిరుగుతూనే ఉంటుంది, తప్పు దొరికితే ఎర్రగా చూపిస్తుంది. నేనైతే రెండోదాన్నే ఎంచుకుంటాను, రాత్రంతా నడవనిస్తాను. మధ్యలో కరెంటు పోయినా పోయేదేమీ లేదు, మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. ఒక్క ఎర్ర గీత కనిపించినా ఆ ర్యామ్‌ను నమ్మకూడదు. వందలో ఒకటే కదా అనుకోవడానికి వీల్లేదు, ఆ ఒక్కటీ ఎవరి బాకీ అంకె మీద పడుతుందో మనకు తెలియదు.

తప్పు దొరికాక స్టిక్కులను, అంటే ర్యామ్ పలకలను, ఒక్కొక్కటిగా పెట్టి చూడాలి. మంచి స్టిక్ ఒక స్లాట్‌లో (స్టిక్ దిగే గాడిలో) పనిచేసి రెండో దాంట్లో తప్పితే లోపం మదర్‌బోర్డుది. ఇక్కడ మన నేల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కోనసీమలోనైనా, నరసాపురం వైపైనా గాలిలో తేమ ఎక్కువ, సముద్రం దగ్గరపడే కొద్దీ ఉప్పు కూడా తోడవుతుంది. స్టిక్ అంచున ఉండే బంగారు పూత కాంటాక్టుల మీద, స్లాట్ లోపలి సన్నని లోహపు నాలుకల మీద మకిలి చేరుతుంది. మిల్లులో అయితే ఊక దుమ్ము, తవుడు కూడా. అందుకే చాలాసార్లు స్టిక్‌ను తీసి, తుడిచి, గట్టిగా కూర్చోబెడితేనే జబ్బు పోతుంది. మన మెకానిక్‌లు పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. పని జరుగుతుంది గానీ, గట్టిగా రుద్దితే పూత అరుగుతుంది, రబ్బరు పొడి స్లాట్‌లోకి పోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తని గుడ్డ మేలు.

గూగుల్ సర్వర్లలోని ర్యామ్‌ను పరిశీలించి 2009లో వెలువరించిన పరిశోధనలో ఏడాదికి దాదాపు 8 శాతం స్టిక్కులలో తప్పులు నమోదయ్యాయి. ర్యామ్ ఎప్పటికీ పాడవదని గట్టిగా నమ్మేవాళ్లకు ఆ అంకె చెప్పడం నాకు అవసరమనిపిస్తుంది.

ఇక డిస్క్. ఇక్కడే ఎక్కువ మంది పొరపాటు చేస్తారు, ఎక్కువ పోగొట్టుకుంటారు. అందరికీ తెలిసిన సాధనం విండోస్‌లోని చెక్‌డిస్క్ (chkdsk). దానికి స్లాష్ ఆర్ (/r) తగిలించి నడిపితే డిస్క్ మొత్తం వెతికి చెడిన సెక్టార్లను గుర్తిస్తుంది, ఫైళ్ల పట్టికను సరిచేస్తుంది. సరిచేయడమంటే డిస్క్ మీద రాయడమే. డిస్క్ ఆరోగ్యంగా ఉండి, కరెంటు పోయినందువల్ల పట్టిక మాత్రమే చెదిరి ఉంటే అది మంచి మందు. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌కు అదే మందు ప్రాణాంతకం. గంటల తరబడి చెడిన చోటునే పదేపదే చదివిస్తుంది, అతకని ముక్కలను పేర్లు పోయిన ఫైళ్లుగా ఒక మూల పడేస్తుంది. కాపీ చేతిలో లేకుండా చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ నడపడం నేను ఎవరికీ చెప్పను.

దానికి ముందు చూడవలసింది స్మార్ట్ అంకెలు. ప్రతి డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే రాసుకుంటూ ఉంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ దాన్ని చదివి చూపుతుంది. డిస్క్ మీద ఏమీ రాయదు, క్షణాల్లో అయిపోతుంది. మూడు వరుసలు చూస్తే చాలు. 05 అంటే చెడిపోయి, బదులు సెక్టార్‌కు మార్చినవి ఎన్ని. సి5 అంటే చదవలేక తేల్చుకోకుండా ఉంచినవి ఎన్ని. సి6 అంటే ఇక సరికావని తేలినవి ఎన్ని. అంకెలు మామూలుగా పదహారు లెక్కలో (హెక్సాడెసిమల్‌లో) కనిపిస్తాయి కాబట్టి 10 అని ఉంటే 16 అని చదువుకోవాలి. సి7 పెరుగుతుంటే మాత్రం డిస్క్‌ను అనుమానించే ముందు డేటా తీగ మార్చి చూడాలి.

మన వాళ్లకు దీన్ని చెప్పడానికి ధవళేశ్వరం కన్నా మంచి పోలిక నాకు దొరకలేదు. అక్కడ గోదావరి వరదకు 11.75 అడుగుల దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంకల్లో ఉండేవాళ్లు మూడో హెచ్చరిక దాకా కూర్చోరు, మొదటిదానికే పశువులను గట్టెక్కించే ప్రయత్నంలో ఉంటారు. 05లో అంకె కనిపిస్తే అది మొదటి హెచ్చరిక. సి5 కనిపిస్తే రెండోది. సున్నా కాని అంకె ఎంత చిన్నదైనా ఆ రోజే కాపీ చేసుకోవాలి. ఒక మినహాయింపు ఉంది: రాస్తుండగా కరెంటు పోయినప్పుడు కూడా సి5లో అంకె పడుతుంది, ఆ చోట మళ్లీ రాస్తే పోతుంది. కోతలున్న మన ఊళ్లలో ఇది మామూలే. అయినా ముందు కాపీ, తర్వాతే ఆ విచారణ.

అయితే నదికి, డిస్క్‌కు ఒక తేడా ఉంది. గూగుల్ తన లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ఒక పరిశోధన వెలువరించింది. చదవడంలో మొదటి తప్పు నమోదైన డిస్క్ తర్వాతి 60 రోజుల్లో విఫలమయ్యే అవకాశం, అలాంటి తప్పు లేని డిస్క్‌తో పోలిస్తే 39 రెట్లు ఎక్కువని తేలింది. అదే పరిశోధనలో విఫలమైన డిస్కుల్లో 56 శాతానికి పైగా నాలుగు ప్రధానమైన స్మార్ట్ సూచికల్లో ఏ అంకే చూపలేదు. అంటే చెడ్డ మాట చెబితే స్మార్ట్‌ను నమ్మాలి, మంచి మాట చెబితే పూర్తిగా నమ్మకూడదు. అందుకని కాపీ అయ్యాక డిస్క్‌ను మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదివించి చూడటం అవసరం. ఆరోగ్యంగా ఉన్న 500 జీబీ డిస్క్‌కు సుమారు రెండు గంటలు పడుతుంది.

కాపీకి కూడా రెండు దారులున్నాయి. డిస్క్ మామూలుగా తెరుచుకుంటే ముఖ్యమైన ఫోల్డర్లను లాగి వేరే చోట వేసుకోవడం చాలు. మధ్యలో ఆగిపోతుంటే మాత్రం లాగడం మానేసి లినక్స్‌లోని డీడీరెస్క్యూ వాడాలి. అది ముందు తేలిగ్గా చదవగలిగినవన్నీ తీసుకుంటుంది, కష్టమైన చోట్లను చివరికి వదిలిపెడుతుంది. ఎక్కడి దాకా వచ్చిందో ఒక ఫైలులో రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా అక్కడి నుంచే కొనసాగించవచ్చు. ఆ ఒక్క గుణం కోసమే మన ప్రాంతానికి అది సరైన సాధనమంటాను. డిస్క్‌ను ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందని చెప్పేవాళ్ల మాట వినకండి. ఇంత తేమ గాలిలో చల్లని డిస్క్‌ను బయటికి తీస్తే దాని మీద నీరు పడుతుంది.

రెండూ చెడితే ముందు దేనికి డబ్బు పెట్టాలి? నా లెక్కలో ర్యామ్‌కే. చెడిన ర్యామ్‌తో కొత్త ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) కూడా తప్పులే మోస్తుంది. పాత కంప్యూటర్లలోని డీడీఆర్2, డీడీఆర్3 రకాల ర్యామ్ స్టిక్కుల గాట్లు వేర్వేరు చోట్ల ఉంటాయి, ఒకదానిలో మరొకటి దిగదు. పాత స్టిక్ తీసుకెళ్లి చూపించి కొనడం మేలు. ఆ తర్వాత ఎస్‌ఎస్‌డీ వేస్తే పన్నెండేళ్ల యంత్రం కూడా చురుగ్గా లేస్తుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది గనుక, లెక్కలకే వాడే అలాంటి కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచుకోవాలి, లేదా లినక్స్‌కు మారాలి. వీటన్నిటికన్నా ముందు యూపీఎస్ బ్యాటరీ.

ఆ సాయంత్రం మావయ్య మిల్లులో డిస్క్ విప్పి నా లాప్‌టాప్‌కు తగిలించాం. సి5లో 8 ఉంది. లెక్కల ఫోల్డర్ తేలిగ్గానే వచ్చింది, మొరాయించిన ఫైలు ఒక్కటే డీడీరెస్క్యూ చివరి చుట్టు దాకా సతాయించి, ఆఖరికి పూర్తిగా వచ్చింది. మెమ్‌టెస్ట్ మొదలుపెట్టిన కొద్ది నిమిషాలకే తెర ఎర్రబడింది. రెండు స్టిక్కుల్లో ఒకటి చెడింది. రెండోదాన్ని ఒంటరిగా పెట్టి రాత్రంతా వదిలేశాం, తెల్లవారేసరికి ఒక్క తప్పూ లేదు. ఇద్దరు మెకానిక్‌ల మాటా చెరో సగం నిజమే.

మావయ్య పాత డిస్క్‌ను కవర్‌లో పెట్టి, తేదీ వేసి, తూకం చీటీల బీరువాలో దాచారు. కాపీలు రెండున్నాయి, ఒకటి మిల్లులో, ఒకటి పాలకొల్లులో అత్తయ్య పుట్టింట్లో. ఇప్పుడు ప్రతి శనివారం సాయంత్రం కూలీల లెక్క తేల్చాక పెన్ డ్రైవ్‌లోకి కాపీ వేయడం ఆయన పనే.