కార్పొరేటర్ అభ్యర్థుల శిక్షణ తరగతి: ఫీజు గిట్టింది నెదర్లాండ్స్ పాఠం వల్లే

పదిహేను వందల రూపాయలు కట్టి, శని ఆదివారాలు దుకాణం మూసుకుని వెళ్లిన తరగతి ఇది. విజయవాడ కార్పొరేషన్ ఎన్నికల్లో నిలబడాలనుకునేవాళ్ల కోసమని గవర్నర్‌పేటలో ఒక మేడ మీది హాల్లో పెట్టారు. నిర్వాహకుల పేరు రాయడం లేదు. మంచితో పాటు లోపాలూ రాయబోతున్నాను, ఊళ్లో రేపు ముఖాలు చూసుకోవాల్సిన వాళ్లం. సమాచారం కావలసినవాళ్లకు గవర్నర్‌పేటలో ఎవరిని అడిగినా తెలుస్తుంది.

నా గురించి రెండు మాటలు. సింగ్‌నగర్‌లో జాకెట్లు కుట్టే దుకాణం నాది. మా కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శిని. 2024 సెప్టెంబరులో బుడమేరు మా వీధుల్లోకి వచ్చినప్పుడు ఏ మేడ మీద బాలింత ఉంది, ఏ ఇంట్లో మంచం దిగలేని పెద్దాయన ఉన్నాడు అని రాసుకుని పడవలవాళ్లకు చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. నీళ్లు తీశాక "ఈసారి నువ్వు నిలబడమ్మా" అనడం మొదలుపెట్టారు. అనేవాళ్లకేం, అంటారు. నిలబడితే ఏమిటో తెలుసుకుందామని వెళ్లాను.

శనివారం పొద్దున నామినేషన్ పత్రాలు, అఫిడవిట్, ఖర్చుల లెక్కల గురించి ఒక లాయరు గారు చెప్పారు. శుభ్రంగా, అడిగినదానికి విసుక్కోకుండా చెప్పారు. ముగ్గురు పిల్లలున్న ఒకామె దిగులుగా కూర్చుంటే, ఇద్దరు పిల్లల నిబంధనను 2024లోనే ఎత్తేశారని ఆయన చెప్పగానే ఆమె ముఖం చూడాలి! మధ్యాహ్నం ప్రచారం పాఠం మాత్రం దండగ. ఫొటోలో చేతులు ఎలా జోడించాలి, వీడియోలో ఎంతసేపు నవ్వాలి, ఇదే గోల. మా వీధిలో మురుగుకాలువ పూడిక తీయించడానికి నవ్వు పనికిరాదని వాళ్లకు ఎవరు చెప్పాలి?

ఆదివారం పొద్దున రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరైన ఒక మాస్టారు వచ్చారు. వాళ్ల అమ్మాయి నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తోంది. అక్కడ అయిదేళ్లు చట్టబద్ధంగా ఉంటే, పౌరసత్వం లేని విదేశీయులకు కూడా మున్సిపల్ ఎన్నికల్లో ఓటు ఉంటుందట. ఆ అమ్మాయి ఓటు వేసిందని విని, ఎవరికి వేసిందో, ఎందుకు వేసిందో ఆరా తీయబోయి ఈయన ఆ దేశపు రాజకీయాల్లో పడ్డారు. పాఠం పేరు "మున్సిపల్ సభ్యుడు పార్లమెంటుకు ఎలా వెళ్తాడు". కథానాయకుడు అక్కడి రాజకీయ నాయకుడు యాన్ మరైనిసెన్.

యాన్‌ది నెదర్లాండ్స్ దక్షిణాన నార్త్ బ్రబాంట్ రాష్ట్రంలోని ఓస్ అనే పట్టణం. మాంసం కర్మాగారాల ఊరు. కబేళాలో మిగిలిన పశువుల క్లోమాల నుంచి ఇన్సులిన్ తీద్దామని 1923లో పెట్టిన ఆర్గనాన్ అనే మందుల కంపెనీ పుట్టింది కూడా అక్కడే. యాన్ 1952లో పుట్టారు. చదువు మధ్యలో వదిలేసి కర్మాగారాల్లో పనిచేశారు, వెల్డింగు చేశారు. ఆయన చేరిన పార్టీ 1971లో మావో బాట పట్టిన చిన్న గుంపుగా మొదలై, మరుసటి ఏడాది సోషలిస్ట్ పార్టీ అని పేరు మార్చుకుంది. 1974 మున్సిపల్ ఎన్నికల్లో ఓస్‌లో సీట్లు గెలిచింది. ఆ తర్వాత కొద్ది కాలానికే, ఇరవయ్యేళ్లు దాటి రెండు మూడేళ్లయినా కాని ఈ వెల్డరు కౌన్సిల్లో కూర్చున్నారు.

ఇక్కడ వెనక వరసలోంచి ఒకాయన లేచి, "మాస్టారూ, ఆయనది ఏ కులం?" అన్నాడు. హాలంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. "ఆ ప్రాంతమంతా కాథలిక్కులు బాబూ, ఓట్లు దశాబ్దాల పాటు కాథలిక్ పార్టీకే పడేవి. మీ ప్రశ్న అక్కడా ఉండేదన్నమాట. ఈయన ఆ గోడ ఎలా దాటాడన్నదే ఈ పాఠం" అన్నారు. నాకు ఆయన మీద గౌరవం కుదిరింది అప్పుడే.

ఎలా దాటారంటే, ఇల్లిల్లూ తిరిగి. అద్దెలు, కర్మాగారాల కాలుష్యం, కార్మికుల ఆరోగ్యం, ఇవే మాటలు. పార్టీ డాక్టర్లు ఓస్‌లో ఒక వైద్య కేంద్రమే నడిపారు. ఇది వినగానే నెల్లూరు నుంచి కోడలై వచ్చిన ఒకావిడ "మా ఊళ్లో రామచంద్రారెడ్డి ప్రజా వైద్యశాల లాంటిదే కదండీ" అంది. సరిగ్గా పట్టుకుంది. ఇంకో సంగతి: ఆ పార్టీ తరఫున గెలిచినవాళ్లు తమకు వచ్చే జీతంలో ఎక్కువ భాగం పార్టీకి కట్టేసి, పార్టీ ఇచ్చే మామూలు మొత్తంతో సరిపెట్టుకోవాలి. విజయవాడవాళ్లకు ఇదేమీ వింత కాదు. 1981లో కార్పొరేషన్ అయిన ఈ ఊరికి మొదటి మేయరు కమ్యూనిస్టు టి. వెంకటేశ్వరరావు గారు. పార్టీకి లెవీ, అంటే తమ జీతంలో వాటా, కట్టే మనుషులను చూసిన ఊరు. అయినా హాల్లో సగం మంది ముఖాలు మాడిపోయాయి. ఒకాయన పక్కవాడితో "మరి పెట్టుబడి ఎలా వస్తుందిరా" అనడం నా చెవిన పడింది.

పార్లమెంటు సంగతికొస్తే, ఆ పార్టీ 1977 నుంచి ప్రతి ఎన్నికలోనూ పోటీ చేసింది. 1977, 1981, 1982, 1986, 1989. ఒక్క సీటు రాలేదు. మాస్టారు ఈ అంకెలను బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాసి, ప్రతి దాని పక్కనా సున్నా చుట్టారు. అయిదు సున్నాలు. ఆ సున్నాల కాలమంతా యాన్ ఓస్ కౌన్సిల్లో పనిచేస్తూనే ఉన్నారు. 1988లో పార్టీ నాయకుడయ్యారు. మార్క్సిజం-లెనినిజం ముద్ర తీసేశారు. 1994లో "వ్యతిరేకంగా ఓటు వేయండి, సోషలిస్టులకు ఓటు వేయండి" అన్న నినాదంతో, టమాటా గుర్తుతో దిగితే రెండు సీట్లు వచ్చాయి. ఒకటి ఈయనది. 150 మంది సభలో ఇద్దరు! తర్వాత 1998లో అయిదు, 2002లో తొమ్మిది, 2006లో ఇరవై అయిదు.

మాస్టారు అమ్మాయి దాచి పంపిన పార్లమెంటు బ్యాలెట్ నమూనా ఒకటి చేతులు మార్చి చూపించారు. అది నా కటింగ్ టేబుల్ మీద పరిచే లైనింగు గుడ్డలా మడత విప్పేకొద్దీ వస్తూనే ఉంది. పార్టీల పేర్లు పైన వరసగా, ఒక్కో పార్టీ కింద అభ్యర్థుల జాబితా. ప్రతి పేరు ముందూ చిన్న గడి, లోపల తెల్లటి చుక్క. ఆ చుక్కను ఎర్ర పెన్సిలుతో నింపితే ఓటు. నేను వేలుతో గడులను తడిమి చూశాను. దేశమంతా ఒకే నియోజకవర్గం లెక్కన, ఏ పార్టీకి ఎంత శాతం ఓట్లు పడితే దాదాపు అంత శాతం సీట్లు. ఒక్క సీటుకు సరిపడా ఓట్లు, అంటే మొత్తంలో వందకు ఒకటి కూడా అక్కర్లేదు, 0.67 శాతం చాలు.

నా అసలు ఫిర్యాదు ఇక్కడే. ఓస్‌లో డివిజన్లు ఉండవు. ఊరంతటికీ ఒకే జాబితా. మా విజయవాడలో 64 డివిజన్లు. పైగా రిజర్వేషన్లు మారుతుంటాయి. ఈసారి మహిళకు అయిన డివిజను వచ్చేసారి ఇంకెవరికో పోతుంది. పదేళ్లు ఒక వీధికి చాకిరీ చేసిన మనిషి, తెల్లారేసరికి ఆ వీధి నుంచి నిలబడే అర్హతే పోగొట్టుకోవచ్చు. రిజర్వేషన్ వద్దని కాదు, మహిళలకున్న ఆ సగం సీట్లు లేకపోతే నన్ను నిలబడమని అడిగే నాథుడే ఉండడు. కానీ "ఓపికగా ఒకే చోట పనిచెయ్యండి, ఫలితం దానంతటదే వస్తుంది" అని చెప్పేవాళ్లు ఈ తేడా చెప్పకపోతే ఎలా? చేయి ఎత్తి అడిగాను. "మంచి ప్రశ్న అమ్మా, భోజనాల తర్వాత చూద్దాం" అన్నారు మాస్టారు. భోజనాల తర్వాత మళ్లీ ఫొటోల ఆయన వచ్చాడు.

మన ఊరి ఉదాహరణ ఒక్కటి కూడా ఎత్తకపోవడం ఇంకో వెలితి. పంచుమర్తి అనురాధ గారు 2000లో ఇరవై ఆరేళ్లకు విజయవాడ మేయరయ్యారు, శాసనమండలికి గెలిచింది 2023లో. ఆ మధ్య ఇరవై మూడేళ్లు ఏం చేశారో చెబితే ఓస్ కథ పక్కన ఎంత బాగా అమరేది! మాస్టారు మాత్రం నెదర్లాండ్స్‌లో మేయరును జనం ఎన్నుకోరని, కౌన్సిల్ సూచించిన పేరును రాజు ఉత్తర్వుతో నియమిస్తారని చెప్పి ఊరుకున్నారు.

పాఠం 2006 దగ్గర, ఇరవై అయిదు సీట్ల దగ్గర చప్పట్లతో ముగిసింది. ఇంటికొచ్చి మా అబ్బాయి చేత వెతికిస్తే మిగతా సగం దొరికింది. 2008లో యాన్ సభలో పార్టీ పక్షనాయకత్వం వదిలేశారు. 2010లో ఆ పార్టీకి వచ్చినవి పదిహేనే. ఆయన కూతురు లిలియన్ పద్దెనిమిదేళ్లకే, 2003లో ఓస్ కౌన్సిల్లోకి వచ్చి 2016 దాకా ఉంది. ఆరోగ్య సిబ్బంది కోసం కార్మిక సంఘంలో పనిచేసింది. 2017లో పార్లమెంటు సభ్యురాలై, ఆ డిసెంబరులోనే పార్టీ నాయకురాలైంది. "అక్కడా వారసులేనా" అన్నాడు మా అబ్బాయి. పదమూడేళ్లు మున్సిపల్ కౌన్సిల్లో కూర్చున్న వారసులు మన దగ్గర ఎంతమంది ఉన్నారో నువ్వే లెక్కపెట్టు అన్నాను. అయితే ఆమె హయాంలో పార్టీ పద్నాలుగు నుంచి తొమ్మిదికి, 2023లో అయిదుకు పడిపోయింది. ఆమె తప్పుకుంది. తర్వాత నాయకుడైన జిమ్మీ డైక్ కూడా గ్రోనింగెన్ నగర కౌన్సిల్ నుంచి వచ్చినవాడే. అంటే మున్సిపల్ మెట్టు ఎక్కినంత మాత్రాన పైమెట్టు నిలవదు. డబ్బు కట్టి వచ్చినవాళ్లకు చప్పట్లతో పాటు ఇదీ చెప్పాలి.

హాలు పర్వాలేదు. ఏసీ లేదు, ఫ్యాన్లు తిరిగాయి. కుర్చీలు ప్లాస్టిక్‌వి, నడుము పట్టేసింది. భోజనం శాకాహారం; గోంగూర బాగుంది, సాంబారు నీళ్లు. ఇచ్చిన నోట్సులో ఓస్ పాఠానికి ఒక్క పేజీయే ఉంది, అందులోనూ యాన్ పేరు మూడు రకాలుగా అచ్చయింది. ఆడవాళ్ల మరుగుదొడ్డికి గడియ లేదు. సగం మంది మహిళలు వచ్చే తరగతికి ఇది క్షమించరానిది.

అయిదుకు మూడు ఇస్తాను. రెండున్నర మాస్టారుకి, అర లాయరు గారికి. తర్వాతి బ్యాచ్‌కు వెళ్లేవాళ్లు వీలైతే ఆదివారం పూటకే కడతామని అడగండి, ఒక్క రోజుకు ఎనిమిది వందలు అంటున్నారు. వెళ్తే ముందు వరసలో, కిటికీ పక్కన కూర్చోండి. వెనక మైకు వినపడదు. రిజర్వేషన్ల ప్రశ్న మాత్రం భోజనాలకు ముందే, మాస్టారు బోర్డు తుడవకముందే అడగండి.