లయన్స్‌గేట్, డిస్నీ, నెట్‌ఫ్లిక్స్: ఏఐ విషయంలో ఎవరి దారి మేలు?

ఏఐ వాడాలా వద్దా అనే ప్రశ్న పెద్ద స్టూడియోల్లో ఇక లేదు. ఎక్కడ వాడాలి, ఎవరిని అడిగి వాడాలి అన్నదే మిగిలింది. ఇందులో మూడు కంపెనీలు మూడు దారులు పట్టాయి. లయన్స్‌గేట్ తన పాత సినిమాలన్నీ ఒక ఏఐ కంపెనీ ముందు పెట్టింది. డిస్నీ తన పాత్రలకి లైసెన్స్ ఇస్తానంది. నెట్‌ఫ్లిక్స్ అవసరమైన షాట్ దగ్గర వాడుకుని, మిగతా వాటికి రూల్స్ రాసుకుంది. నా ఓటు నెట్‌ఫ్లిక్స్‌కే, ఒక షరతుతో.

కాగితం మీద చూస్తే లయన్స్‌గేట్ ఆలోచనే బాగుంటుంది. 2024 సెప్టెంబరులో ఆ హాలీవుడ్ సంస్థ రన్‌వే అనే ఏఐ వీడియో కంపెనీతో ఒప్పందం చేసుకుంది. 20,000కు పైగా సినిమాలు, సిరీస్‌లు ఉన్న తన లైబ్రరీతో తనకోసమే ఒక మోడల్, అంటే ఆ సినిమాలు చూసి నేర్చుకుని వీడియోలు చేసే ఏఐ, తయారు చేయించుకోవాలన్నది ప్లాన్. పరాయి సొమ్ము ముట్టుకోవడం లేదు, మా సరుకు మేమే వాడుకుంటున్నాం అని చెప్పుకోవచ్చు. కానీ ఏడాది తిరిగేసరికి ఆ పని అనుకున్నట్టు సాగడం లేదని, ఒక్క స్టూడియో లైబ్రరీ మోడల్‌కి చాలడం లేదని హాలీవుడ్ వార్తాసంస్థ ద ర్యాప్ రాసింది.

టెక్నికల్ చిక్కు ఎప్పటికైనా తీరొచ్చు. హక్కుల చిక్కు అలా తీరేది కాదు. సినిమా కంపెనీదే కావచ్చు. అందులో నటి ముఖం, డబ్బింగ్ చెప్పిన గొంతు, కెమెరామన్ చేసిన లైటింగ్ మాత్రం ఆ ఒక్క సినిమా కోసం ఇచ్చినవి. రేపు వీటితో ఒక మెషీన్‌కి పాఠం చెప్తారని పదిహేనేళ్ల కిందట సంతకం పెట్టినవాళ్లకి ఎలా తెలుస్తుంది? హక్కులు మావే కదా అని ముందుకెళ్తే ఏమవుతుందో మన దేశంలోనే చూశాం. 2013 నాటి హిందీ సినిమా రాంఝణా తమిళ వెర్షన్‌ని 2025 ఆగస్టులో దాని హక్కులున్న ఈరోస్ కంపెనీ మళ్లీ విడుదల చేసింది. అసలు కథలో చనిపోయే హీరోని ఏఐతో బతికించింది. తన అనుమతి లేకుండా చేశారని దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్ మండిపడ్డారు. సినిమా ఆత్మనే తీసేశారని హీరో ధనుష్ బాధపడ్డారు. చట్టం ఎవరి పక్షాన ఉందన్నది తర్వాతి మాట. తీసినవాళ్లకే తమది కాకుండా పోయిన సినిమాని ప్రేక్షకుడు ఎవరి సినిమాగా చూడాలి?

డిస్నీది ఒకవైపు కేసు, ఇంకోవైపు ఒప్పందం. 2025 జూన్‌లో యూనివర్సల్‌తో కలిసి, ఏఐతో బొమ్మలు చేసే మిడ్‌జర్నీ కంపెనీ మీద లాస్ ఏంజెలెస్‌లో దావా వేసింది, మా పాత్రల బొమ్మలు అడిగినవాళ్లకల్లా చేసి ఇస్తున్నారని. అదే ఏడాది డిసెంబరులో చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐలో 100 కోట్ల డాలర్లు పెడతానని, 200కు పైగా పాత్రలతో జనం ఆ కంపెనీ వీడియో టూల్ సోరాలో చిన్న వీడియోలు చేసుకునేలా మూడేళ్ల లైసెన్స్ ఇస్తానని ప్రకటించింది. రెండు నాల్కల ధోరణి అనిపించొచ్చు కానీ నాకు అందులో తప్పు కనిపించలేదు. అడక్కుండా తీసుకుంటే కేసు, అడిగి డబ్బు కడితే లైసెన్స్. నటుల ముఖాలు, గొంతులు ఆ ఒప్పందంలో చేర్చకపోవడం మంచి పని కూడా. నా అభ్యంతరమల్లా పాత్ర గురించే. టాయ్ స్టోరీ సినిమాల్లో వుడీ ఏం మాట్లాడతాడో, ఏం మాట్లాడడో డిస్నీకి చెందిన పిక్సార్‌లో రచయితలు, యానిమేటర్లు ఏళ్ల తరబడి తేల్చుకున్నారు. ఆ నిర్ణయమే పాత్ర. దాన్ని ఇంకో కంపెనీ యాప్‌కి వదిలేస్తే లైసెన్స్ డబ్బు వస్తుందేమో కానీ సినిమా తీసే పనికి ఒరిగేది ఏమీ లేదు.

ఇక నెట్‌ఫ్లిక్స్. ఎల్ ఎటర్నౌటా అనే అర్జెంటీనా సిరీస్‌లో బ్యూనస్ ఐరిస్‌లో ఒక బిల్డింగ్ కూలిపోతుంది. మామూలు వీఎఫ్‌ఎక్స్‌లో, అంటే కంప్యూటర్ గ్రాఫిక్స్ పనిలో అయితే ముందు ఆ బిల్డింగ్‌ని కంప్యూటర్‌లో కట్టాలి. గోడ ఎక్కడ పగలాలి, ఏ ముక్క ఎటు పడాలి అని సిమ్యులేషన్ నడపాలి. దుమ్ము వేరుగా, పొగ వేరుగా చేయాలి. రెండర్ అయ్యాక, అంటే కంప్యూటర్ వాటిని తుది బొమ్మలుగా మార్చాక, అన్నిటినీ అసలు ఫుటేజ్‌తో కలపాలి. పడే తీరు డైరెక్టర్‌కి నచ్చకపోతే సిమ్యులేషన్ మళ్లీ మొదటి నుంచి. ఏఐతో ఆ సీన్ 10 రెట్లు వేగంగా పూర్తయిందని, మామూలు పద్ధతిలో ఆ బడ్జెట్‌కి అది అయ్యేదే కాదని కో-సీఈఓ టెడ్ సరండోస్ 2025 జులైలో చెప్పారు. ఎవరి ముఖమూ, ఎవరి గొంతూ తీసుకోకుండా, ఉన్న బడ్జెట్‌లోనే సిరీస్‌కి పెద్ద షాట్ దక్కింది. ఏఐని ఇలా వాడితే నాకు సంతోషమే.

మరుసటి నెలలో నిర్మాతల కోసం ఆ కంపెనీ రూల్స్ బయటపెట్టింది. కాపీరైట్ ఉన్న వాటిని పోలినట్టు ఏదీ రాకూడదు. షూటింగ్ మెటీరియల్‌ని టూల్ దాచుకోకూడదు, దాంతో ట్రైనింగ్ చేయకూడదు. నటన స్థానంలో ఏఐని పెట్టాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి. ఫైనల్ కాపీలోకి వెళ్లేదేదైనా ఉంటే ముందే చెప్పి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఇదంతా దయతో చేశారని నేను అనడం లేదు. ప్రాంప్ట్ (ఏఐకి రాసిచ్చే ఆదేశం) కొట్టి రాబట్టిన బొమ్మకి, అందులో మనిషి సృజన లేకపోతే, కాపీరైట్ రాదని అమెరికా కాపీరైట్ ఆఫీసు 2025 జనవరిలో తేల్చి చెప్పింది. సినిమా కంపెనీకి ఆస్తి అంటేనే కాపీరైట్. సినిమాలో ఏఐ వాటా పెరిగేకొద్దీ తనదని చెప్పుకోగలిగేది తగ్గుతుంది.

అడగడం ఎంత ముఖ్యమో తమిళ, తెలుగు పాటల దగ్గరే తెలిసిపోతుంది. 2024 జనవరిలో ఏ.ఆర్. రెహమాన్ కన్నుమూసిన ఇద్దరు తమిళ గాయకుల గొంతుల్ని ఏఐతో వాడుకున్నారు. కుటుంబాల అనుమతి తీసుకున్నారు, పారితోషికమూ ఇచ్చారు. ఇంచుమించు అదే సమయంలో ఒక తెలుగు సినిమాలో కన్నుమూసిన బాలు గారి గొంతు ఏఐతో వినిపించింది. తమను అడగలేదని ఆయన కొడుకు ఎస్పీ చరణ్ లీగల్ నోటీసు పంపారు. టెక్నాలజీ రెండు చోట్లా ఒకటే, ఒకచోట గౌరవం దక్కింది, ఇంకోచోట ఇంటివాళ్ల మనసు నొచ్చుకుంది.

నా షరతు ఏమిటంటే, నెట్‌ఫ్లిక్స్ రూల్స్ ఎక్కువగా తెర మీద కనిపించేవాళ్ల వైపే చూస్తున్నాయి. నటులకి ఆ రక్షణ ఊరికే రాలేదు, 2023లో హాలీవుడ్ నటుల సంఘం 118 రోజులు సమ్మె చేసి సాధించుకుంది. హైదరాబాద్, చెన్నై, బెంగళూరుల్లో రోటో పని (షాట్‌లో మనిషిని వెనకున్న దృశ్యం నుంచి వేరుచేసే పని) చేసే కుర్రకారుకి అలాంటి యూనియన్ ఒప్పందం లేదు. సెకనుకి 24 ఫ్రేములు, ప్రతి ఫ్రేములో హీరోయిన్ గాలికి ఎగిరే వెంట్రుకల చుట్టూ గీత గీయడం వాళ్ల పని. ఏఐ ముందుగా తాకేది ఆ పనినే. 10 రెట్లు వేగం అన్నప్పుడు మిగిలిన రోజులకి వాళ్ల జీతం ఏమవుతుంది, కొత్త టూల్ వాళ్లకి ఎవరు నేర్పిస్తారు, ఆ ఖర్చు స్టూడియో పెట్టుకుంటుందా లేక సబ్-కాంట్రాక్టర్ నెత్తిన వేస్తుందా అన్నది కూడా ఆ రూల్స్‌లో చేర్చాలి. అప్పుడు నా ఓటుకి ఏ షరతూ ఉండదు.