విశాఖ ద్వారకానగర్‌లో పబ్లికేషన్ రిపోర్టు చేయించుకున్నాను: పని బాగుంది, ఆ ప్యాకేజీ మాత్రం తీసుకోకండి

ప్రొఫెసర్ ప్రమోషన్‌కి ఫైలు పెట్టాలంటే ఇప్పటిదాకా వేసిన పరిశోధన పేపర్లు, ఏది ఏ ఇండెక్స్‌లో ఉంది, ఎన్ని సైటేషన్లు వచ్చాయి (అంటే వేరేవాళ్లు తమ పేపర్లలో వాటిని ఎన్నిసార్లు ఉదహరించారు), అన్నీ ఒక రిపోర్టుగా ఇమ్మన్నారు. 17 ఏళ్లుగా పిల్లల వార్డు చూసుకుంటూ, వీలు చిక్కినప్పుడల్లా రాసినవి నావి 23 పేపర్లు. డ్యూటీ అయ్యాక ఇదంతా కూర్చుని చేసే ఓపిక లేక, మా జూనియర్ ఒకతను చెబితే ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక చిన్న సెంటర్‌కి వెళ్లాను. ఇందులో ఒక ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి పేరు రాయడం లేదు. ఫీజు 3,500.

మొదటి రిపోర్టు చూసి కంగారు పడ్డాను. 61 పేపర్లు, హెచ్-ఇండెక్స్ 14 అని ఉంది, అంటే కనీసం 14 సార్లు చొప్పున ఉదహరించిన పేపర్లు 14 ఉన్నాయని. తీరా చూస్తే వాటిలో నావి 21 మాత్రమే, మిగతావన్నీ వేరేవాళ్లవి, వరి తెగుళ్ల మీద రాసిన పేపర్ కూడా నా ఖాతాలో పడింది, పైగా నావే రెండు బయట ఉండిపోయాయి. అలాగే ఫైల్లో పెట్టేసుంటే రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పేదాన్ని?

దీనికి కారణం మన పేర్లే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అదీ చాలాసార్లు ఒక్క అక్షరమే. పేపర్లనీ సైటేషన్లనీ లెక్కపెట్టే స్కోపస్, గూగుల్ స్కాలర్ లాంటి డేటాబేస్‌లేమో చివర ఉన్న మాటనే ఇంటిపేరు అనుకుంటాయి. అందుకని పేరు చివర లక్ష్మి ఉన్నవాళ్లందరం వాటి లెక్కలో ఒకే ఇంటివాళ్లం.

అక్కడ పనిచేసే అమ్మాయి గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. "మేడమ్, మీ పాత పేపర్లలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, తర్వాతవాటిలో ఒక్క అక్షరమే ఉంది, అందుకే స్కోపస్‌లో మీరు ఇద్దరు మనుషులుగా పడ్డారు" అని చూపించి, రెండు సాయంత్రాలు నాతో కూర్చుని ఒక్కో పేపరూ తెరిచి సరిచేసింది. ఆ రెండు ఖాతాలూ కలపమని అర్జీ పెట్టించింది, ఆర్కిడ్ నంబరు తీయించింది. అది 16 అంకెల నంబరు, ఉచితం, పేరు ఎలా రాసినా మనిషి ఒక్కరేనని చెబుతుంది. చివరికి గూగుల్ స్కాలర్‌లో నా హెచ్-ఇండెక్స్ 9, స్కోపస్‌లో 6 అని తేలింది. స్కాలర్ థీసిస్‌లూ జర్నల్లో రాకముందే ఆన్‌లైన్లో పెట్టిన ప్రీప్రింట్లూ కూడా లెక్కేస్తుంది, స్కోపస్ తాను ఎంచుకున్న జర్నల్స్‌నే ప్రధానంగా చూస్తుంది, అందుకే ఆ తేడా. ఏ నంబరు ఎక్కడిదో, ఏ తేదీన తీసిందో రిపోర్టులో పక్కనే రాసిచ్చింది, అది నాకు బాగా నచ్చింది.

ఇక ఫిర్యాదు. డబ్బు కడుతుంటే ఓనరు "మీ నంబరు కాస్త తక్కువగా ఉంది మేడమ్, 25 వేలు ఇస్తే ఆరు నెలల్లో సైటేషన్లు పెంచి పెడతాం" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నా పేపర్లలో ఎక్కువసార్లు ఉదహరించింది పుట్టిన పిల్లల కామెర్ల మీద రాసింది, 41 సార్లు. ఎక్కడో ఒక డాక్టరు దాన్ని చదివి, తన పనికి ఆధారంగా తీసుకుంటేనే అందులో ఒకటి పెరిగింది. దాన్ని కొనుక్కోవడమంటే నా దృష్టిలో కేస్ షీట్‌లో చూడని జ్వరం రాయడమే.

నంబరు తక్కువైతే ఏమిటట? భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి మీద వేసిన పేపర్‌ని వేలసార్లు ఉదహరించారు, నిజమే. కానీ తర్వాత లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో ఆయన నడిపించిన బృందం తెచ్చిన డీఈసీ మాత్రని మన శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించారు. ఆ మాత్ర మింగినవాళ్లు ఏ సైటేషన్ లెక్కలోకి వస్తారు? అదే ఓనరుకి చెప్పి, రిపోర్టు తీసుకుని వచ్చేశాను.

రిపోర్టు పనికి ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ప్యాకేజీకి సున్నా. వెళ్లేవాళ్లు మీ పేరు ఏ పేపర్‌లో ఎలా పడిందో ముందే ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, సగం పని అక్కడే తేలిపోతుంది. ఆ అమ్మాయి సాయంత్రం 6 తర్వాతే ఉంటుంది. మెట్లెక్కి మూడో అంతస్తుకి వెళ్లాలి, లిఫ్ట్ లేదు.